మూడో గుండీ

ఇంగ్లీషువాళ్ళు ఈ దేశం విడిచిపోయిన నలభై ఏళ్ళకు, ఉదయగిరి కొండ కింద ఒక సందులో, వాళ్ళ కెప్టెను దొర చేత సిపాయి తనిఖీ జరిపించినవాణ్ణి నేను. కలెక్టర్ల వల్ల కానిది బస్సు కండక్టరు వల్ల అయింది. దొర ఆరున్నర అడుగుల మనిషి. ఆయన బూట్ల చప్పుడుకు కోటగోడ మీది కోతులు కొండెక్కి కూర్చున్నాయి. రెండు వందల మంది జనం ఊపిరి బిగబట్టి చూశారు. పని ముగించుకుని దొర నా భుజం తట్టి, నువ్వు పటాలంలో ఉండవలసినవాడివి అన్నాడు.

ఆత్మకూరు బస్టాండు ఎదుటి టీ అంగట్లో ఈ కథ నేను చెప్పని ఏడాది లేదు. వినేవాళ్ళు మారారు, గాజు గ్లాసులు పోయి కాగితం కప్పులు వచ్చాయి, దొర మాత్రం ఏటా రెండంగుళాలు పెరుగుతూ వచ్చాడు. పోయిన నెల ఉదయగిరిలో ఒకచోట చెప్పాను. ఆ తర్వాత ఎవరికీ చెప్పలేదు. మనసు కుదురుగా లేదు. నోటితో చెబితే సాగదీస్తానని ఈసారి కాగితం మీద పెడుతున్నాను.

ఆయన పేరు రాయను. ఊళ్ళో ఎవరూ పేరుతో పిలవలేదు. హవల్దారు సాయిబు అనేవాళ్ళు. నిజానికి ఆయన లాన్స్ నాయక్‌గా ఇంటికొచ్చినవాడు, హవల్దారు ప్రమోషను మా బస్సులో నేనిచ్చిందే. పెద్ద యుద్ధంలో ఇటలీ దేశం దాకా పోయి వచ్చాడు. అక్కడ ఆయన ఒంటిచేత్తో ఒక కొండను పట్టుకున్నాడని కూడా నేనే ప్రచారం చేశాను. ఆయన్ని అడిగితే ఒకటే జవాబు: "పలకలు మోసినాను." వంతెనలు కట్టే పటాలం అది. గుండ్లు ఎటునుంచి వచ్చాయో చెప్పేవాడు కాదు. చలికి వంతెన ఇనప పలక చేతికి ఎట్లా అతుక్కుంటుందో, తడిసిన బూటులో కాగితాలు ఎట్లా కుక్కాలో చెప్పేవాడు.

నా బస్సు ఉదయగిరి చేరాక తిరుగు ట్రిప్పుకు గంట వ్యవధి ఉండేది, శనివారాలు మాత్రం పావుగంటే. బస్టాండు వెనక సందులోనే ఆయన ఇల్లు. మంచినీళ్ళ కోసం మొదటిసారి పోయాను, ఆ తర్వాత అరుగు కోసం పోయాను, చివరికి ఆయన కోసమే పోయాను. నన్ను చూడగానే ముందు నా కాళ్ళకేసి చూసేవాడు, తర్వాత మొహంకేసి. చెప్పులకు దుమ్ముంటే కూర్చోమనడానికి ఒక నిమిషం ఆలస్యం చేసేవాడు. నీళ్ళు తాగేముందు మగ్గు తలకిందులు చేసి అడుగు చూసుకునేవాడు. గోడకు వెన్ను ఆనించి కూర్చోగా నేనెప్పుడూ చూడలేదు. ప్రతి పావుగంటకూ టైమెంత అని అడిగేవాడు, చెప్పినా నమ్మకుండా వీధిలోకి తొంగి చూసేవాడు. జ్వరమొచ్చినా తెల్లారేసరికి గడ్డం గీసుకోవలసిందే. గడ్డంతో చచ్చిపోతే పైన కూడా చార్జి మీద పెడతారని, అంటే తప్పు రాసి శిక్ష వేస్తారని ఆయన భయం.

ఆయన దగ్గర సూదీ దారం పెట్టుకునే చిన్న గుడ్డ చుట్ట ఒకటుండేది. తెల్లవాళ్ళ పటాలంలో దాన్ని హౌస్‌వైఫ్ అంటారట. ప్రతి సిపాయికీ ఒకటి ఇచ్చేవాళ్ళు. ఈ సంగతి ఆయన పెళ్ళయిన కొత్తలో భార్యకు చెప్పాడనీ, ఆమె రెండు రోజులు అన్నం వండలేదనీ నేను చెబుతుంటాను. ఆమె నేను ఆ ఊరి రూటుకు రాకముందే పోయింది. అన్నం వండకపోవడం నా కల్పన.

కానీ శనివారం సంగతి కల్పన కాదు. పటాలంలో శనివారం పొద్దున సామాను తనిఖీ. ఇంటికొచ్చి నలభై ఏళ్ళయినా ఆయన శనివారం మానలేదు. మంచం మీద దుప్పటి ఇటుకలాగా మడిచి పెట్టేవాడు. దాని ముందు మగ్గు, తినే పళ్ళెం, చెంచా, క్షౌరం కత్తి, బ్రష్షు, ఆ గుడ్డ చుట్ట, అన్నీ జానెడు జానెడు ఎడంలో. మంచం కింద బూట్లు, ముక్కులు వీధివైపు. ఒంటిమీద ఇటలీ చలికి ఇచ్చిన ఉన్ని కోటు, దానికి ముందువైపు ఐదు ఇత్తడి గుండీలు. ఉదయగిరి ఎండలో, ఉన్ని కోటు. మధ్యాహ్నం నమాజుకు పిలుపు వినిపించేదాకా మంచం పక్కన నిలబడేవాడు. మిగతా ఆరు రోజులూ ఆయనంత మామూలు మనిషి ఊళ్ళో లేడు. కుళాయి దగ్గర పోట్లాడేవాడు, ఓటేసేవాడు, కూరగాయలు బేరమాడేవాడు.

ఎందుకు చిన్నాయనా ఇదంతా అని ఒకసారి అడిగాను. యుద్ధం అయిపోయి ఇంటికి పంపేరోజు, క్యాంపులో ఇరవై మందిని వరసగా నిలబెట్టి ఒక దొర సామాను చూడటం మొదలుపెట్టాడట. ఈయన చివరివాడు. ఈయన దాకా వచ్చేలోగా లారీ వచ్చింది. నీది తర్వాత చూస్తాను అని దొర వెళ్ళిపోయాడు. అందరికీ అయినట్టు ఈయనకు తనిఖీ కాలేదు, డిస్మిస్ అనే మాటా పడలేదు.

"డిస్మిస్ అననిదే కదలకూడదు రా కండక్టరూ. నేను లారీ ఎక్కినాను. అది తప్పా, ఒప్పా?"

నేను నవ్వాను. ఆయన నవ్వలేదు. దొర చెప్పాడంటే వస్తాడని ఆయన లెక్క. ఎప్పుడొస్తాడో చెప్పకపోవడం కూడా పద్ధతి ప్రకారమేనట, చెప్పి వస్తే తనిఖీ ఎందుకవుతుంది. ఈలోగా ఏ శనివారమైనా తాను ఏమరుపాటుగా ఉంటే? అదీ ఆయన్ని తిన్న భయం. చావంటే భయం లేదు, చూపించుకోకుండా చావడమంటే భయం.

ఆయన నాకు నేర్పిన విద్య ఒకటుంది. "తనిఖీకి వచ్చినోడు ఉత్తచేతులతో పోడు. ఒక తప్పన్నా పట్టాల. వాడికి దొరికేటట్టు చిన్న తప్పు మనమే పెట్టాల. అది దొరికితే వాడి కడుపు నిండతాది. దొరక్కపోతే ఇల్లంతా తవ్వతాడు." పటాలంలో పాతకాపులందరూ చేసే పనేనట ఇది. అందుకని ప్రతి శనివారం ఆయన కావాలని ఒక తప్పు పెట్టేవాడు. వారం వారం మార్చేవాడు. ఈ వారం ఏది పెట్టినావని అడిగితే చెప్పేవాడు కాదు. ఎవరూ రాని తనిఖీకి, ఎవరూ కనిపెట్టని తప్పు. నేనుమటుకు ఆ విద్యను వాడుకున్నాను. చెకింగు జీపు వస్తుందని అనుమానం ఉన్న రోజు చొక్కా మీది బ్యాడ్జీని వంకరగా పెట్టేవాణ్ణి. వాళ్ళు దాని మీద నాలుగు తిట్లు తిట్టి దిగిపోయేవాళ్ళు.

దొర వచ్చిన ఏడు ఆయనకు కంటి పొర ముదిరింది, దగ్గు పట్టుకుంది, చేతులు వణకడం మొదలైంది. బూట్లు తానే తుడుచుకునేవాడు కానీ గుండీలు మెరిపించే పని కూతురు చేతికి వచ్చింది. ఒక్కతే కూతురు, ఇరవై రెండేళ్ళు ఉంటాయి, చెక్క చెంచాలు చెక్కే పని. గుండీ వెనక దూర్చి గుడ్డకు మరక కాకుండా మెరిపించడానికి గాడి ఉన్న రేకు ఒకటి పటాలంలో ఇస్తారు. అది పోతే ఆ పిల్లే, చెంచాలు చెక్కే బిక్కి చెట్టు చెక్కతో అట్లాంటిదే చెక్కి ఇచ్చింది. కోటు తొడిగి గుండీలు పెట్టేది కూడా ఆ పిల్లే. వాకిట్లో బూట్ల చప్పుడు వినిపిస్తే తండ్రీ కూతుళ్ళిద్దరూ ఒకేసారి తలెత్తేవాళ్ళు.

మాఘం వెళ్ళకముందే ఎండలు ముదిరాయి. రెండు శనివారాలు వరసగా ఆయన నిలబడ్డచోటే పడిపోయాడు. మూడోసారి పడితే లేవడని డాక్టరు చెప్పాడట. ఆ పిల్ల బస్సు దగ్గరికి వచ్చి, మెట్ల పక్కన నిలబడి, ఎవరూ వినకుండా నాతో చెప్పింది.

"అన్నా, నువ్వు చెప్తే ఇంటాడు. మానుకోమని చెప్పు."

చెప్పాను. నీ బస్సును సగం దోవలో ఆపి దిగిపోరా అంటే దిగిపోతావా అని అడిగాడు నన్ను. ఆపైన గొంతు తగ్గించి, నెల్లూరు నుంచి తెల్లవాళ్ళెవరన్నా బస్సెక్కుతున్నారా అని అడిగాడు. అంతకుముందు అడిగేవాడు కాదు. ఆ తర్వాత ప్రతి ట్రిప్పుకూ అడిగాడు. లేరు చిన్నాయనా అని చెప్పడం నాకు రోజురోజుకూ కష్టమైంది.

ఇంక దొర సంగతి. ఒక శనివారం పొద్దున ఆత్మకూరులో ఒక తెల్ల మనిషి నా బస్సెక్కాడు. కెప్టెను కాదు. ఇంగ్లీషువాడూ కాదు. ఏ దేశమో రెండుసార్లు చెప్పాడు, నాకు అర్థం కాలేదు, అతని చేతి పుస్తకంలో పటం మీద వేలు పెట్టి చూపించాడు, అది ఇంగ్లండు కాదని మాత్రం తెలిసింది. ఎత్తు నాకంటే తక్కువ. బూట్లు కూడా లేవు, తోలు చెప్పులు. ఉదయగిరి కోట చూడటానికి పోతున్నాడు.

టిక్కెట్టు చింపి ఇచ్చేలోపల నా బుర్రలో పథకం తయారైంది. నాకున్న ఇంగ్లీషులో చెప్పాను: ముసలి సిపాయి, ఐదు నిమిషాలు, చూడండి చాలు. అతను తలూపాడు. ఏం అర్థమైందో దేవుడికి తెలియాలి. దుత్తలూరు దాటాక డ్రైవరుకు విషయం చెబితే స్టీరింగు మీదనుంచి చూపు తిప్పకుండానే, ముసలాయన ప్రాణం తీస్తావురా నువ్వు అన్నాడు. బస్సు టైరు పంచరైతే బాగుండునని అనుకున్నాను. తెల్లమనిషికి కడుపునొప్పి వచ్చినా సంతోషమే. ఏమీ కాలేదు. మా బస్సు ఆ రోజే టైముకు చేరింది.

సందులోకి తిరగ్గానే నేను పరుగెత్తి ముందు పోయి, దొర వచ్చినాడు చిన్నాయనా అన్నాను. ఆ మాట నా నోట్లోంచి వచ్చాక వెనక్కి తీసుకోవడానికి దారి లేకపోయింది. ఆయన మొహం నాకు ఇప్పటికీ కనిపిస్తుంది. నలభై ఏళ్ళు ఎదురు చూసినవాడు సంతోషిస్తాడనుకున్నాను. ఆయన భయపడ్డాడు. మంచం మీది సామానంతా ఒకసారి కళ్ళతో తడుముకున్నాడు, గడ్డం తడుముకున్నాడు, మడమలు కలిపి నిలబడ్డాడు.

తెల్లమనిషి లోపలికి వచ్చి రెండు చేతులూ జోడించి నమస్తే పెట్టాడు. నా ప్రాణం అక్కడే పోయింది. ఏ దొర సిపాయికి చేతులు జోడిస్తాడు? కంటి పొర పుణ్యమా అని ఆయనకు అది కనిపించలేదనుకుంటాను. చూపు ఎదుటి గోడ మీదే నిలిపి ఉన్నాడు. తెల్లమనిషి మంచం దగ్గరికి పోయి అన్నీ ముచ్చటగా చూశాడు. వెరీ గుడ్, వెరీ నైస్ అన్నాడు. చెంచా చేతికెత్తుకుని, అది కూతురు చెక్కినదే, ఇటూ అటూ తిప్పి దాని వాసన చూశాడు. వెరీ గుడ్ అన్నాడు మళ్ళీ.

ప్రతి వెరీ గుడ్‌కూ ముసలాయన మొహం ఇంకాస్త పాలిపోతోంది. కారణం నాకు తెలుసు. తప్పు దొరకలేదు. పెట్టిన తప్పు దొరక్కపోతే తనిఖీ ముగియదు, ఇంకా తవ్వుతాడు. లేకపోతే ఈయన దొరే కాదు. రెండింటిలో ఏది తోచినా ముసలాయన ఆ కోటులో, ఆ ఉక్కలో, ఇంకా నిలబడే ఉంటాడు. చెమట ఆయన చెవుల వెనకనుంచి కాలరులోకి కారుతోంది. మోకాళ్ళు వణకడం మొదలైంది. గడపలో కూతురు నా వంక చూస్తోంది. అవతల మా డ్రైవరు హారను కొట్టాడు.

నేను గబగబా వెతికాను. దుప్పటి, మగ్గు, కత్తి, పళ్ళెం. అన్నీ సరిగ్గానే ఉన్నాయి. కోటు వంక చూశాను. పైనుంచి మూడో గుండీ మిగతావాటి లాగా లేదు. రంగు ఉంది కానీ మెరుపు లేదు. దొరికింది, ముసలాయన ఈ వారం పెట్టిన తప్పు ఇదే అనుకున్నాను. నా తెలివికి నాకే ఒళ్ళు పొంగింది. తెల్లమనిషి చెయ్యి పట్టుకుని ఆ గుండీ దగ్గరికి తీసుకుపోయి చూపించాను. అతను దాన్ని రెండు వేళ్ళతో పట్టుకుని, వంగి చూసి, నవ్వాడు.

"చిన్నాయనా, మూడో గుండీ. దొర పట్టేసినాడు."

ఆయన చూపు మొదటిసారి గోడమీద నుంచి దిగింది. అటెన్షన్‌లో ఉన్న మనిషి చెయ్యి కదపకూడదు. ఆయన చెయ్యి కదిలింది. బొటనవేలు ఆ గుండీ మీద పెట్టి అట్లాగే ఉంచాడు. కళ్ళలో నీళ్ళు తిరిగాయి. నేను తెల్లమనిషి చెవిలో చెప్పాల్సిన మాట చెప్పాను. అతను బడిపిల్లాడిలాగా డిస్మిస్ అన్నాడు. ముసలాయన కుడివైపు తిరిగి, సెల్యూటు కొట్టి, అడుగులు వేసుకుంటూ వెనక గదిలోకి పోయాడు. హారను మళ్ళీ మోగింది. నేను పరుగెత్తాను.

టీ అంగట్లో ఈ ఘట్టం తర్వాత ఆయన బయటికి వచ్చి నన్ను కావలించుకుంటాడు. అసలు ఆయన బయటికే రాలేదు. రెండు వందల మంది జనం కూడా లేరు. నేను, ఆ పిల్ల, గడప దగ్గర పక్కింటి మేక. కోతులు ఎప్పుడూ కొండమీదే ఉంటాయి. భుజం తట్టడం, మీరు ఊహించుకోగలరు.

ఒకటి మాత్రం జరిగింది. ఆ తర్వాత ఏ శనివారమూ ఆయన మంచం మీద సామాను పరవలేదు. కోటు తొడగలేదు. నేను పోయినప్పుడల్లా గోడకు వెన్ను ఆనించి కూర్చుని ఉండేవాడు. నా కాళ్ళకేసి చూడలేదు. టైమెంత అని అడగలేదు. విశ్రాంతిగా ఉన్నాడని చెప్పుకున్నాను, అందరికీ చెప్పాను. రాత్రిపూట నాకు నేను చెప్పుకోవడం మటుకు కాస్త కష్టంగా ఉండేది. ఆ వానాకాలంలోనే ఆయన పోయాడు. నేను అప్పటికి వేరే రూటుకు మారిపోయాను. పోయేరోజు గడ్డం గీసుకున్నాడో లేదో అని చాలా ఏళ్ళు అనిపించేది. ఎవర్నీ అడగలేదు.

పోయిన నెల మా తమ్ముడి మనవరాలి పెళ్ళికి కానుకగా ఇద్దామని చెక్క గరిటెల సెట్టు కోసం ఉదయగిరి పోయాను. చెక్కే చోటికే పోయి కూర్చున్నాను. పదిమంది ఆడవాళ్ళు ఆకురాళ్ళతో చెంచాలు రుద్దుతున్నారు. సెట్టు కట్టేలోగా ఊరికే ఉండలేక కథ ఎత్తుకున్నాను. దొరను ఆరున్నర అడుగులకు పెంచాను, కోతుల్ని కొండెక్కించాను. మూడో గుండీ దగ్గరికి వచ్చాను. ముసలాయన కావాలని పెట్టిన తప్పును గుర్తుపట్టింది నేను కాబట్టి ఆయన కట్టె తేలిగ్గా పోయిందని ముగించాను. అందరూ నవ్వారు. మూలన కూర్చున్న ఒకామె నవ్వలేదు. అరవై ఏళ్ళుంటాయి, కళ్ళద్దాలు. చేతిలో ఆకురాయి ఆగింది. నావైపు చూడలేదు, చేతిలో చెంచాతో మాట్లాడుతున్నట్టు మాట్లాడింది.

"గుండీ నాయన పెట్టిన తప్పు కాదు అన్నా."

గొంతు గుర్తుపట్టాను, ముసలాయన కూతురే. ఆ ఏడు ఇత్తడి గుండీ ఒకటి ఊడి, ఎక్కడ పడిందో దొరకలేదట. నాయనకు తెలిస్తే శనివారందాకా బతకడని, బిక్కి చెక్కతో అదే కొలతకు ఒకటి చెక్కి, ఇత్తడి రంగు పూసి కుట్టింది. ఆయన కళ్ళకు కనపడదు. వేళ్ళకు తగలకుండా గుండీలు తానే పెట్టింది. నాలుగు నెలలు ఎవరికీ తెలియకుండా గడిపింది. నేను ఆయన వేలు దానిమీదికి పోయేటట్టు చేశాను.

ఆయన అతన్ని దొర అనుకోలేదేమో, ఊరికే నా మాటకు తలూపాడేమో అన్నాను. ఏదో ఒక సందు కావాలి కదా పారిపోవడానికి.

"దొర అనే నమ్మినాడు. నమ్మబట్టే గదా. ఇత్తడి చల్లగా ఉంటాది అన్నా, చెక్క ఉండదు. వేలు పెట్టంగానే తెలిసిపోయినాది ఆయనకి. నన్నొక మాట అన్లేదు. చెక్క గుండీతో దొర ముందర నిలబడినానే అని ఎదుటి గోడకేసి చూస్తా కూర్చున్నాడు, పోయిందాకా."

మరి ఆ వారం ఆయన పెట్టిన తప్పు ఏదని అడిగాను.

ఆమె చెంచా మీది పొట్టు ఊది, మళ్ళీ ఆకురాయి ఆడించడం మొదలుపెట్టింది.

"కుడికాలి బూటు తాడు. ఒక మెలి తిప్పి కట్టినాడు, పొద్దున నా ఎదురుగానే. దాన్ని ఎవురూ చూళ్ళేదు. నేను మానుకోమని చెప్పమన్నాను అన్నా, తప్పు పట్టించమన్లేదు."